బుడిపెల జాతి చెట్ల నారుకు నత్రజని ఎంత? రైజోబియం ప్యాకెట్, పూత గుళికలు, యూరియా: మూడింటి మీద రివ్యూ

పన్నెండు వారాల సుబాబుల్ మొక్కను సంచిలోంచి తీసి, బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి మట్టి వదిలించండి. తల్లివేరు పైభాగంలో, పక్కవేర్లు చీలే చోట రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల బుడిపెలు గుత్తులుగా కనిపించాలి. ఒకదాన్ని బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపల ఎర్రగానో ముదురు గులాబీగానో ఉంటే ఆ మొక్క గాలిలోని నత్రజనిని పట్టుకుంటోందని అర్థం. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి చుట్టం. తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతది, లేదా పనికిరాని బ్యాక్టీరియాతో ఏర్పడింది. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు మానేసింది.

నారుకు నత్రజని పేరుతో అమ్మే ఏ సరుకునైనా ఈ కోతతోనే తూచాలి, మొక్క ఎత్తుతో కాదు. ఇక్కడ చూస్తున్నవి మూడు: పీట్ (కుళ్లిన నాచు మట్టి) లేదా బొగ్గుపొడి ఆధారంగా చేసిన రైజోబియం (వేర్ల మీద ఈ బుడిపెలు కట్టే బ్యాక్టీరియా) ప్యాకెట్, పాలిమర్ పూత పూసిన 14-14-14 గుళికలు (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 14 శాతం, మూడు నాలుగు నెలల రకం), మామూలు యూరియా. తీర్పు ముందే చెప్పేస్తే: ప్యాకెట్ తప్పక కొనండి, కానీ చెట్టు పేరు, తయారీ తేదీ చూసి కొనండి. గుళికలు మంచి సరుకే, అయితే మిగతా చెట్ల నారుకు వేసే మోతాదులో సగం కూడా వేయకండి. యూరియా ఇంకేదీ దొరకనప్పుడు మాత్రమే, అదీ తూకం మిషన్ చేతిలో ఉంటేనే.

నత్రజని తయారుచేసుకునే మొక్కకు నత్రజని ఎందుకు?

విత్తనం మొలిచిన రోజు నుంచి బుడిపె పనిలోకి దిగే రోజు వరకు మధ్యలో ఒక కరువు కాలం ఉంటుంది. బ్యాక్టీరియా వేరు నూగును పట్టుకోవాలి, లోపలికి దారి చేసుకోవాలి, బుడిపె ఏర్పడాలి, అందులో ఎరుపు రావాలి. వేడి వాతావరణంలో అన్నీ కుదిరినా రెండు మూడు వారాలు, లేకపోతే ఐదారు వారాలు పడుతుంది. అంతవరకు మొక్క బతికేది విత్తనంలో దాచుకున్న దాని మీదే. కానుగ విత్తనం ఒక్కొక్కటి గ్రాము చుట్టుపక్కల తూగుతుంది. దాని బీజదళాల్లో నిల్వ దండిగా ఉంటుంది కాబట్టి ఆ మొక్కకు కరువు తెలియకుండానే గడిచిపోతుంది. అకేషియా మాంజియం విత్తనం పది మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, అంటే దానికి నూరో వంతు. రెండో జత ఆకు విచ్చేసరికి నిల్వ అయిపోతుంది. అప్పుడు కింది ఆకులు పాలిపోతాయి, ఎదుగుదల ఆగుతుంది. ఆకు చిన్నదైతే పిండిపదార్థం తక్కువ, పిండిపదార్థం తక్కువైతే బుడిపెకు మేత తక్కువ. బుడిపె ఆలస్యమైన కొద్దీ ఆకు ఇంకా పాలిపోతుంది. ఈ సుడిలోంచి మొక్కను బయటకు లాగడానికే ఆరంభపు నత్రజని కావాలి. దాని పని అంతవరకే.

దాన్ని దాటి పోస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. గాలిలోని ఒక్క నత్రజని అణువును విడగొట్టి అమ్మోనియాగా మార్చడానికి బుడిపెలోని నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ కనీసం 16 ఏటీపీలు (కణం శక్తికి వాడుకునే అణువులు) ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చంతా ఆకు పంపిన చక్కెర నుంచే రావాలి. వేరు దగ్గర తయారుగా నైట్రేట్ (మొక్క నేరుగా పీల్చుకోగల నత్రజని రూపం) ఉన్నప్పుడు మొక్క అంత ఖర్చు పెట్టదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. వేరు నైట్రేట్‌ను పసిగట్టి చిన్న పెప్టైడ్ సంకేతాన్ని పైకి పంపుతుంది, ఆకు నుంచి ‘ఇక చాలు’ అన్న కబురు కిందికి వస్తుంది. కొత్త బుడిపెలు పుట్టడం తగ్గుతుంది, ఉన్నవాటికి చక్కెర తగ్గుతుంది, లోపలి ఎరుపు పోయి ఆకుపచ్చ దిగుతుంది. అమ్మోనియం కంటే నైట్రేట్‌తోనే ఈ దెబ్బ సాధారణంగా ఎక్కువ. ఇది మొక్కకు రోగం కాదు, లెక్క తెలిసిన మొక్క చేసే పొదుపు. నష్టం మాత్రం నాటేవారిదే. ఎందుకంటే నర్సరీలో నత్రజని పోసేవాళ్లు ఉంటారు కానీ రాళ్ల నేలలో నాటాక ఎవరూ ఉండరు.

అందుకే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఈ రివ్యూ మొత్తానికి ఇదే ఆధారం. 250 మి.లీ. గొట్టంలో (సంచికి బదులు నారు పెంచే ప్లాస్టిక్ గొట్టం) పెరిగిన సుబాబుల్ మొక్క పన్నెండు వారాలకు ఎండబెట్టి తూస్తే 4 గ్రాములుందనుకుందాం. అందులో నత్రజని 2.5 శాతమనుకుంటే మొత్తం 100 మి.గ్రా. ఈ మొక్కకు పన్నెండు వారాల్లో కావలసింది అంతే. ఆ వందా మనమే ఇచ్చేస్తే బుడిపెకు పని లేదు. ఏమీ ఇవ్వకపోతే ఆరంభపు కరువులో వెనకబడుతుంది. మొక్కలోకి చేరేది మొత్తం అవసరంలో సగం లోపు ఉండేలా, అదీ ముందు వారాల్లో ఎక్కువగా అందేలా చూసుకుంటే రెండు వైపులా కుదురుతుంది. మీ జాతికి, మీ గొట్టం సైజుకు ఎండు బరువు వేరుగా ఉంటుంది. పాత బ్యాచ్‌లోంచి పది మొక్కలు 70 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఎండబెట్టి తూస్తే మీ అంకె మీకు వస్తుంది.

రైజోబియం ప్యాకెట్

ఈ మూడింటిలో బాగుంటే అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే, చచ్చిపోయి ఉంటే అన్నిటికంటే దండగా ఇదే. పైకి చూసి రెంటికీ తేడా చెప్పలేం, రెండూ నల్లటి తడిపొడే. అందుకే ప్యాకెట్ మీద రాత చదవాలి.

మొదట చూడాల్సింది చెట్టు పేరు. ‘అన్ని పప్పు జాతులకూ’ అని ఉన్న ప్యాకెట్‌ను చెట్ల నారుకు నమ్మకండి. సోయాకు ఇచ్చే బ్రాడీరైజోబియం (రైజోబియంకు చుట్టమైన ఇంకో బ్యాక్టీరియా) సుబాబుల్‌కు పనికిరాదు. సుబాబుల్‌కు దాని సొంత రైజోబియం కావాలి. హవాయిలోని నిఫ్‌టాల్ ప్రాజెక్టు నుంచి వచ్చిన టాల్ 1145 రకం ఇందుకు పేరుపొందింది. మాంజియం, ఆరిక్యులిఫార్మిస్ లాంటి ఆస్ట్రేలియా అకేషియాలకు బ్రాడీరైజోబియం రకాలు సరిపడతాయి. ఇంకో మాట, చింత, రేల, తురాయి పప్పు కుటుంబానివే అయినా వాటికి బుడిపెలు రావు. కాయ చూసి ప్యాకెట్ కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఆ మొక్కలకు మామూలు చెట్ల ఎరువే వేయాలి.

రెండోది బ్యాక్టీరియా లెక్క. మంచి పీట్ ప్యాకెట్‌లో తయారైనప్పుడు గ్రాముకు వంద కోట్ల బతికున్న కణాలుంటాయి. వేడిలో నిల్వ ఉంటే అది గ్రాముకు కోటికి పడిపోవడం పెద్ద విషయం కాదు. ఆ తేడా ఎంత దెబ్బ తీస్తుందో చూడండి. కిలో సుబాబుల్ విత్తనాల్లో సుమారు 18 వేల గింజలుంటాయి. కిలోకు 10 గ్రాముల పొడి పట్టిస్తే, మంచి ప్యాకెట్‌తో గింజకు ఐదున్నర లక్షల కణాలు అంటుతాయి. పాడైన ప్యాకెట్‌తో ఐదున్నర వేలు. ఈ సైజు గింజకు పదివేలైనా ఉండాలని సాధారణ కొలత. పైగా గింజ మీద పొడి ఆరుతున్నకొద్దీ అందులోనూ సగానికి సగం చస్తాయి.

మూడోది తేదీ, నిల్వ. 4 డిగ్రీల దగ్గర ఉంచితే గడువు దాకా నిలుస్తుంది. గడ్డకట్టించకూడదు. అమ్మే చోట కిటికీ పక్కన ఎండ తగిలే అరలో పెట్టి ఉంటే, తేదీ ఎంత కొత్తదైనా వదిలేయండి. నొక్కితే మట్టివాసనతో, చేతికి కొద్దిగా తడి తగలాలి. ఎండి పొడిపొడిగా రాలినా, పుల్లటి కంపు కొట్టినా దాని పని అయిపోయినట్టే.

వాడే పద్ధతులు రెండు. గింజకు పట్టించాలంటే ముందు గింజ పెంకును మెత్తబరిచే పని పూర్తి చేయాలి. సుబాబుల్‌కు 80 డిగ్రీల నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు, మాంజియంకు మరిగే నీళ్లలో అర నిమిషం ఉంచి తర్వాత చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టడం. ఈ క్రమం తిప్పేసి, పొడి పట్టించాక వేడినీళ్లు పోసినవాళ్లు బ్యాక్టీరియాను ఉడికించినట్టే. నానిన గింజను నీడలో ఆరనిచ్చి, 100 మి.లీ. గోరువెచ్చని నీటిలో 40 గ్రాముల తుమ్మజిగురు కరిగించి పూర్తిగా చల్లార్చి, కిలో గింజకు 20 మి.లీ. జిగురు పట్టించి, పైన పొడి చల్లి కలపాలి. అదే రోజు విత్తేయాలి.

చెట్ల నారుకు దీనికంటే మంచిది రెండో పద్ధతి, నీళ్లలో కలిపి పోయడం. లీటరు నీటికి ఒక గ్రాము పొడి. మొదటి నిజమైన ఆకు విచ్చిన వారంలో, సాయంత్రం పూట మొక్క మొదట్లో 5 మి.లీ. పోసి, వెంటనే పైన కాస్త నీళ్లు చల్లి వేరు దాకా దించాలి. లీటరు 200 మొక్కలకు వస్తుంది, 50 గ్రాముల ప్యాకెట్ పదివేల మొక్కలకు. మంచి ప్యాకెట్ అయితే మొక్కకు 50 లక్షల కణాలు చేరతాయి. గ్రాముకు కోటికి పడిపోయిన ప్యాకెట్ అయినా 50 వేలు చేరతాయి. గింజకు పట్టించినప్పుడు ఓడిపోయే సరుకు కూడా ఇక్కడ నెగ్గుకొస్తుంది. పీట్ అడుగుకు దిగుతుంది కాబట్టి ప్రతి ట్రే ముందు బకెట్‌ను ఓసారి కలియబెట్టాలి. కలిపిన నీళ్లు మర్నాటికి దాచకూడదు.

ఈ ప్యాకెట్‌ను చంపేవి ఇంట్లోనే ఉంటాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ ఒకటి. బకెట్‌లో పట్టి రాత్రంతా మూత లేకుండా వదిలేస్తే చాలావరకు పోతుంది. కేప్టాన్, థైరమ్, రాగి మందులు పట్టించిన గింజకు రైజోబియం పొడి అద్దడం డబ్బు పారేయడమే. మందు తప్పదనుకుంటే పొడి అద్దడం మాని, రెండు మూడు వారాల తర్వాత నీళ్లలో పోయండి. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి ఒకే తొట్టిలో వేయడం ఇంకో తప్పు, ఆ పులుపుకు బ్యాక్టీరియా తట్టుకోదు. నల్లటి పాలిథిన్ సంచులు మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంటే గోడ పక్కన మట్టి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి వేర్లకు బుడిపెలు రావు. సంచిలో బుడిపెలన్నీ నీడవైపే ఉన్నాయంటే కారణం ఇదే.

పూత గుళికలు, 14-14-14

గుళిక చుట్టూ సన్నటి పాలిమర్ పొర ఉంటుంది. నీరు లోపలికి ఇంకి ఎరువు కరుగుతుంది, కరిగినది పొర గుండా కొద్దికొద్దిగా బయటకు వస్తుంది. ఆ వేగాన్ని నడిపేది ప్రధానంగా వేడి. నీళ్లు ఎక్కువ పోశామా తక్కువ పోశామా అన్నది రెండో మాట. బుడిపెల జాతికి ఈ నెమ్మదే కావాలి. మట్టిలో ఏ రోజూ నైట్రేట్ ఎక్కువ పోగుపడదు, ఆకలి కూడా తీరుతూ ఉంటుంది. అదే మొత్తం నత్రజని ఒక్కసారిగా పోస్తే బుడిపెలకు పడే దెబ్బ, రోజూ రవ్వంత అందితే పడదు. పైగా ఇందులో భాస్వరం ఉంది. ఈ నారుకు నత్రజని కంటే దాని అవసరమే గట్టిది. ఏటీపీ మాట పైన వచ్చింది కదా, భాస్వరం లేనిదే అది లేదు. భాస్వరం చాలని మట్టిలో ఎంత మంచి ప్యాకెట్ పోసినా బుడిపెలు చీమ తలకాయంత ఉండి ఆగిపోతాయి.

ఇక మోతాదు. మామూలు చెట్ల నారుకు గొట్టాల్లో నింపే మట్టి మిశ్రమం లీటరుకు 4 నుంచి 6 గ్రాములు వేయడం రివాజు. 5 గ్రాములు వేస్తే 250 మి.లీ. గొట్టంలో 1.25 గ్రాముల గుళికలు, అంటే 175 మి.గ్రా. నత్రజని. మన మొక్క జీవితావసరం 100. అంటే బుడిపెను పుట్టకముందే పనిలోంచి తీసేసినట్టు. 2 గ్రాములు వేస్తే గొట్టానికి అర గ్రాము, 70 మి.గ్రా. నత్రజని. అందులో అడుగు కంతల నుంచి కారిపోయేది, గుళికలోనే మిగిలేది పోను 40 దాకా మొక్కకు అందుతుందనుకుంటే మిగతా 60 బుడిపెలు తేవాలి. ఇదే సరైన వాటా. మోతాదు చెప్పాలంటే వంద లీటర్ల మిశ్రమానికి 200 గ్రాములు, నాలుగు వందల గొట్టాలు నిండుతాయి. కానుగ లాంటి పెద్ద గింజల జాతులకు లీటరుకు గ్రాము చాలు.

ఈ సరుకులో లోపాలు లేకపోలేదు. సంచి మీద ‘మూడు నాలుగు నెలలు’ అన్నది 21 డిగ్రీల మట్టికి చెప్పిన మాట. 30 దాటిన చోట అది గణనీయంగా కురచవుతుంది. పదో వారానికే మొక్క పాలిపోతే గుళిక ఖాళీ అయిందేమో చూడాలి. వేలి మధ్య నొక్కండి, లోపల నీళ్లే ఉండి చితికిపోతే అయిపోయినట్టు, గట్టిగా తగిలితే ఇంకా ఉన్నట్టు. బుడిపెలు ఎర్రగా ఉంటే ఆ దశలో గుళిక ఖాళీ కావడం మంచిదే, మళ్లీ వేయకండి.

ఎక్కువ మంది చేసే పాడు పని ఇంకోటి ఉంది: గుళికలను తడి కొబ్బరిపొట్టులో కలిపి కుప్ప పోసి వారం తర్వాత గొట్టాలు నింపడం. కుప్పలో వేడి పుడుతుంది, ఎరువు బయటకు వచ్చేస్తుంది. తర్వాత ఆ మిశ్రమంలో మొలిచిన నారు ఆకు అంచులు కాలి ఎండుతాయి. కలిపిన రోజే నింపాలి. పారతో దబదబా తొక్కి కలిపితే, సిమెంటు కలిపే మిషన్‌లో ఎక్కువసేపు తిప్పితే పొర పగిలి అది నెమ్మది ఎరువు కాకుండా పోతుంది. విడివిడిగా ప్రతి గొట్టానికి సమానంగా పడాలంటే, అర గ్రాము పట్టే చిన్న గరిటె ఒకటి కొలిచి పెట్టుకుని నింపేటప్పుడే మధ్యలో వేయడం మేలు. కలిపినప్పుడు ఒక గొట్టంలో పదిహేను గుళికలు, పక్కదాంట్లో ఐదు పడతాయి. ట్రేలో ఎత్తు పల్లాలు దానివల్లే.

యూరియా

46 శాతం నత్రజని. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది, కరుగుతుంది. ఈ గుణాలే నారుమడిలో దాని దోషాలు. లీటరుకు ఒక గ్రాము వేస్తే 460 పీపీఎం, అంటే లీటరులో 460 మి.గ్రా. నత్రజని. మొక్కకు వారానికి రెండుసార్లు 50 మి.లీ. చొప్పున పోస్తే వారానికి 46 మి.గ్రా. రెండు వారాల్లో పన్నెండు వారాల అవసరం దాదాపు అంతా పోసేసినట్టు. ‘చిటికెడే కదా’ అని వేసే చేతికి ఈ తేడా తెలియదు.

యూరియాతో పెరిగిన నారు చూడటానికి ఎంతో బాగుంటుంది, అదే చిక్కు. ఆకు ముదురు పచ్చగా, ఎత్తుగా, నిగనిగలాడుతూ వస్తుంది. పక్కనే రైజోబియంతో పెంచిన మొక్క పొట్టిగా, లేతపచ్చగా ఉంటే కొనేవాళ్లు మొదటిదే తీసుకుంటారు. ఎత్తును సెంటీమీటర్లలో, కాండం మొదలు లావును మిల్లీమీటర్లలో కొలిచి భాగించండి. ఆరు లోపు వస్తే గట్టి మొక్క. యూరియా నారులో తరచుగా ఎనిమిది, పది వస్తుంది, గాలికి వాలిపోతుంది. కిందికి చూస్తే వేరు పలచన, బుడిపె లేదు.

లేత వేరుకు ఇంకో ముప్పు ఉంది. యూరియా మట్టిలో ముందు అమ్మోనియాగా మారుతుంది. ఆ కొద్ది రోజులు పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) పైకి పోతుంది. గింజ పక్కనే పలుకు పడితే మొలక వేరు కొస నల్లబడి చస్తుంది. విత్తేముందు మిశ్రమంలో యూరియా కలపడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

తప్పనిసరైతే ఇలా: 100 లీటర్ల నీటికి 11 గ్రాములు, అంటే 50 పీపీఎం నత్రజని. మొలిచిన పదో రోజు నుంచి వారానికి రెండుసార్లు మొక్కకు 50 మి.లీ. వారానికి 5 మి.గ్రా. పడుతుంది. ఆరు వారాలు పోసి ఆపేయండి, మొత్తం 30 మి.గ్రా. రైజోబియం పోసిన రోజు, దాని తర్వాతి మూడు నాలుగు రోజులు యూరియా పోయకపోతే మంచిది. భాస్వరం వేరుగా చూసుకోవాలి. మిశ్రమం కలిపేటప్పుడు ఘనపు మీటరుకు కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలిపి, బాగా తడిపి, ఆ తర్వాతే విత్తితే బ్యాక్టీరియాకు ఇబ్బంది ఉండదు.

ఎవరూ లెక్కలోకి తీసుకోని నత్రజని

ప్యాకెట్ పనిచేయలేదని తిట్టేవాళ్లలో చాలామంది కంపోస్టును మరిచిపోతారు. లీటరు మిశ్రమంలో మూడో వంతు మాగిన కంపోస్టు అంటే ఎండు లెక్కన 100 గ్రాములు ఉండవచ్చు. అందులో నత్రజని 1.5 శాతమైతే 1,500 మి.గ్రా. మూడు నెలల్లో పదో వంతు విడుదలైనా లీటరుకు 150, మన 250 మి.లీ. గొట్టానికి దాదాపు 38. అంటే లీటరుకు 2 గ్రాముల గుళికల నుంచి మొక్కకు అందేదాంతో సమానం. కోళ్ల ఎరువు కలిసిన కంపోస్టు అయితే ఇంకా ఎక్కువ, ఇంకా త్వరగా. కంపోస్టు మూడో వంతు ఉంటే గుళికల మోతాదు లీటరుకు గ్రాముకు దించండి, లేదా పూర్తిగా మానేయండి. ఈ ఒక్క సవరణతో ‘చచ్చిన’ ప్యాకెట్లు చాలా బతికొస్తాయి.

అలాగే పులుపు మట్టిలో మాలిబ్డినం దొరకదు. నైట్రోజినేజ్ గుండెలో ఇనుముతో పాటు ఉండేది అదే. మిశ్రమం పీహెచ్ 5.5 కంటే దిగితే సుబాబుల్ నారు బుడిపెలుండి కూడా పసుపుగానే ఉంటుంది. సున్నం వేసి 6 దాటిస్తే తరచుగా దానంతటదే సర్దుకుంటుంది. మాంజియం మాత్రం పులుపును బాగా ఓర్చుకుంటుంది.

సరుగుడు సంగతి వేరు

సరుగుడుకు రైజోబియం ప్యాకెట్ అమ్మితే తీసుకోకండి. దాని వేరులో ఉండేది ఫ్రాంకియా, దారాల్లా పెరిగే వేరే బ్యాక్టీరియా. దాన్ని ప్రయోగశాలలో విడిగా పెంచడం 1978లో గానీ సాధ్యపడలేదు, ఇప్పటికీ మెల్లగా పెరుగుతుంది కాబట్టి ప్యాకెట్లు అరుదు. చేతనైన పద్ధతి బుడిపెల రసమే. ఆరోగ్యంగా ఉన్న సరుగుడు చెట్టు కింద పైపొర మట్టి తవ్వితే పగడపు కొమ్మల్లా గుత్తిగా ఉన్న బుడిపెలు దొరుకుతాయి. కొసలు లేతగా, తెల్లగానో లేత గోధుమగానో ఉన్నవి ఏరి, మట్టి పోయేలా కడిగి, నీళ్లలో మెత్తగా నూరి, వడగట్టి అదే రోజు నారు మొదట్లో పోయాలి. నల్లబడి గుల్లబారినవి పారేయండి. తల్లిచెట్టుకు వేరు తెగులుంటే అదీ రసంతో పాటు వస్తుంది, కాబట్టి వాడిపోతున్న చెట్టు కింద తవ్వకూడదు. సరుగుడు గింజ అతి చిన్నది, కరువు కాలం దానికి మరీ ఎక్కువ. ఆరంభపు నత్రజని ఈ మూడు నాలుగు జాతుల్లో దీనికే అన్నిటికంటే అవసరం.

కొన్న సరుకు పనిచేస్తోందా? నాలుగు వరసల పరీక్ష

సంచి మీద రాతను నమ్మడం కంటే పన్నెండు వారాలు వంద మొక్కలు కేటాయించడం మేలు. వరసకు 25. మొదటి వరసకు ప్యాకెట్ గానీ నత్రజని గానీ వేయకండి. రెండోదానికి నత్రజని లేకుండా ప్యాకెట్. మూడోదానికి ప్యాకెట్ లేకుండా లీటరుకు 5 గ్రాముల గుళికలు. నాలుగోదానికి ప్యాకెట్, లీటరుకు 2 గ్రాముల గుళికలు. మిశ్రమంలో కంపోస్టు లేకుండా చూసుకోండి. నాలుగు వరసలకూ భాస్వరం, పొటాష్ సమానంగా అందాలి, లేకపోతే పోలిక చెల్లదు. ప్యాకెట్ లేని రెండు వరసలనూ కాస్త ఎత్తులో, నీళ్లు చిమ్మని దూరంలో పెట్టి, వాటికే ముందు నీళ్లు పోయాలి. ఒక్క చుక్క చిందినా బ్యాక్టీరియా దాటిపోతుంది.

మొదటి వరస పసుపుగా, గిడసగా ఉండాలి. దానికే ఎర్ర బుడిపెలు వచ్చాయంటే మీ మట్టిలో సొంత రైజోబియం ఉంది, ప్యాకెట్ కొనకపోయినా నడుస్తుంది. రెండో వరస ఆరో వారం దాకా వెనకబడి పదో వారానికి అందుకుంటే అది సహజం, కరువు కాలం అన్నది అదే. రెండోది చివరిదాకా మొదటిదానిలాగే ఉంటే ప్యాకెట్ చచ్చింది, లేదా వేరే జాతిది. బుడిపెలు బోలెడున్నా అన్నీ చిన్నగా, తెల్లగా, సన్న వేర్ల మీద చెల్లాచెదురుగా ఉంటే బ్యాక్టీరియా వేరులోకి చేరింది కానీ నత్రజని ఇవ్వడం లేదు, అదీ జాతి తేడానే. మూడోది కూడా పసుపుగా ఉంటే లోపం నత్రజనిది కాదు. పీహెచ్, నీరు నిలవడం, ఇనుము చూడండి.

అసలు పోలిక నాలుగోదానికీ మూడోదానికీ. ఎండు బరువులో నాలుగోది మూడోదానితో సమానంగానో మించో ఉండి, కోస్తే ఎరుపు ఉంటే ఆ మోతాదు మీ నర్సరీకి కుదిరింది. బరువు సమానమే కానీ బుడిపెలు లేవంటే గుళికలు సగానికి తగ్గించండి. బరువు తక్కువై బుడిపెలు ఎర్రగా ఉంటే, ముందు భాస్వరం చూడండి. నత్రజని పెంచడం ఆ తర్వాతే.

నాటడానికి పంపే ముందు ప్రతి బ్యాచ్‌లోంచి పది మొక్కలు ఎక్కడంటే అక్కడ తీసి, పైన చెప్పినట్టు కడిగి కోయండి. పదిలో ఎనిమిదింటికి తల్లివేరు మీద ఎర్ర బుడిపెలుంటే పంపవచ్చు. ఐదింటికే ఉంటే ఎరువు పూర్తిగా ఆపి, లీటరుకు గ్రాము చొప్పున ప్యాకెట్ మళ్లీ పోసి నాలుగు వారాలు ఆగండి. మట్టిలోని నైట్రేట్ కరిగిపోయాక చాలా మొక్కలు ఆ గడువులోనే బుడిపెలు పెట్టుకుంటాయి.